రొమ్ము తీసివేసిన పిదప

(నూజివీడు ప్రాంతపు మామిడితోటల గ్రామమొకదానిలో జరిగిన మహిళా సమావేశమున ఒక శస్త్రవైద్యురాలు చేసిన ప్రసంగపాఠము)



కాపు ముగిసినది. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు అన్నియు లారీల కెక్కి పోయినవి. ఇపుడు తోటలలో ఎండుకొమ్మలు తీయు పని జరుగుచున్నది. మీకు కొంత తీరిక చిక్కు కాలమని తెలిసియే నేను ఈ దినమును కోరితిని. నేను చెప్పబోవు విషయము సభలలో సాధారణముగ వినవచ్చునది కాదు. రొమ్ము క్యాన్సరు సోకి రొమ్ము తీసివేయించుకొనిన స్త్రీకి మరల రొమ్మును నిర్మించి యిచ్చు శస్త్రచికిత్స యొకటి కలదు. దానిని గూర్చి చెప్పుటకు వచ్చితిని. ఆ మాట వినగానే ముందు వరుసలో కొందరు తలలు వంచుకొనిరి. వెనుక నున్న సోదరులలో ఇద్దరు బీడీ నెపముతో బయటకు పోవుచున్నారు. పోవద్దని వారిని కోరుచున్నాను. వారికిని ఇందులో పని యున్నది. పైగా ఈ జబ్బు అరుదుగానైనను పురుషులకు కూడ వచ్చును.

ముప్పది యేండ్ల క్రిందటి సంగతి యొకటి మొదట చెప్పెదను. అప్పటికి నేను శస్త్రవైద్యము చదివి బయటపడి ఎంతో కాలము కాలేదు. ఈ చుట్టుపట్ల తోటలలో కాయ మోయు కూలికి పోవు తల్లి యొకతె, నలుబదియైదేండ్ల మనిషి, కూతురును వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చెను. పైట తొలగించి చూడగా ఎడమ రొమ్ములోని గడ్డ చర్మమును చీల్చుకొని పుండైయుండెను. చంకలో మరి మూడు గడ్డలు చేతికి తగిలెను. ఎన్నాళ్ల నుండి యున్నదని అడిగితిని.

“రెండు పూతలైందమ్మా. ముందు చింతగింజంత ఉండేది. నెప్పీ లేదు, ఏమీ లేదు. చెబితే కోసేస్తారని ఊరుకున్నాను” అనెను.

నొప్పి లేదు గనుక అది మంచి గడ్డ యని ఆమె అనుకొనినది. మీలో చాలమంది అట్లే అనుకొందురు. రొమ్ములో నొప్పి లేని గట్టి గడ్డ కనబడినపుడే ఎక్కువగా త్వరపడవలయును. క్యాన్సరు గడ్డ మొదట చాలమందికి నొప్పి పెట్టదు.

మందు లిచ్చితిమి, రొమ్ము తీసివేసితిమి, కిరణచికిత్స చేయించితిమి. మీ భాషలో చెప్పవలెనన్న కరెంటు పెట్టించితిమి. ఇంటికి పోవు నాటి ఉదయము ఆమె రవికెలో ఒక తువ్వాలును మడిచి పెట్టుకొని, అది జారకుండ సర్దుకొనుచు, కిటికీ అద్దములో తన నీడను చూచుకొనుచుండెను. నన్ను చూచి, “ఇక్కడ మళ్లీ ఏమన్నా పెట్టే వైద్యం లేదా అమ్మా?” అని అడిగెను. “ప్రాణం దక్కింది, చాలదా?” అంటిని. ఆమె మరి మాటాడలేదు. ఆ తరువాత ఆమె ఏడాదిన్నర కాలము మాత్రమే బ్రతికెను.

నేను అనిన మాట తప్పు. ఆ వైద్యము అప్పటికే లోకములో నుండెను. మన దేశపు నగరములలోను కొన్నిచోట్ల నుండెను. నేను పుస్తకములలో చదివియే యుంటిని. కాని తోటకూలికి దానితో పని యేమని నాకు నేనే నిర్ణయించుకొంటిని. ఆమె గడ్డను రెండేండ్లు దాచుటకు కారణము చావు భయము కాదు, రొమ్ము పోవునను భయము. ఆ భయమునకు మందు కలదని ముందే ఎవరైనను చెప్పియుండిన, చింతగింజంత యున్నప్పుడే ఆమె వచ్చియుండెడిదేమో! నాటి నుండి నేటి వరకు నేను చూచిన స్త్రీలలో గడ్డను దాచినవారిని అడిగినప్పుడెల్ల ఎక్కువ మంది చెప్పినది ఈ భయమునే.

మన పెద్దలు రాచపుండు అనెడి ఈ జబ్బు నేడు భారతదేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో మొదటి స్థానమున నున్నది. 2022వ సంవత్సరములో మన దేశమున దాదాపు 1,92,000 మందికి క్రొత్తగా వచ్చినదని అంతర్జాతీయ అంచనా. ఇది అంటువ్యాధి కాదు. కంచము వేరు చేయవలసిన పని లేదు, పసిబిడ్డను దూరము చేయవలసిన పని లేదు.

రొమ్ములో క్యాన్సరు అనగానే రొమ్ము మొత్తము తీసివేయవలసినదే యనుకొనుట కూడ నేడు సరికాదు. అమెరికాలో హాల్స్టెడ్ అను శస్త్రవైద్యుడు 1894లో ప్రకటించిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను కూడ తీసివేసెడివారు. ఎముకల గూడు చర్మము క్రింద కనబడునంతగా ఆ భాగము పల్లమైపోయెడిది. ఆ పద్ధతియే ముప్పాతిక శతాబ్దము పైగా లోకమున చెల్లెను. పిదప ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్ అను వైద్యులు, గడ్డ చిన్నదిగ నున్నప్పుడు దానిని చుట్టుపట్ల మంచి భాగము కొంత కలిపి తీసి, మిగిలిన రొమ్మునకు కిరణచికిత్స చేసినచో, రొమ్ము మొత్తము తీసివేసినవారితో సమానముగ బ్రతుకుదురని పరీక్షించి చూపిరి. ఇరువది యేండ్లు ఆ స్త్రీలను గమనించి, ఫలితములను ఇద్దరును 2002లో ప్రకటించిరి. దీనిలోని మర్మము మీకు నేను చెప్పనక్కరలేదు. మామిడికొమ్మకు ఎండుతెగులు పట్టినప్పుడు ఎండిన చోటనే కోయుదురా? దానికి దిగువ పచ్చికొమ్మ మూడంగుళములు కలిపి కోసి బోర్డో పేస్టు పూయుదురు. అంతేకాని చెట్టును మొదలంట నరుకరు. తెగులు ప్రాకనిచ్చిన తరువాత వచ్చినచో మాత్రము పెద్దకొమ్మనే తీయవలసి వచ్చును.

మందుల మాట వచ్చినది గనుక, కొంచెము దారి తప్పియైనను ఒక సంగతి చెప్పక పోజాలను. భీమవరములో 1895లో పుట్టి అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆయనతో పనిచేసినవారు ఫోలిక్ ఆమ్లము మీద చేసిన కృషి నుండి పుట్టినదే మెథోట్రెక్సేటు అను క్యాన్సరు మందు. రొమ్ము క్యాన్సరుకు ఎన్నో యేండ్లు దానిని మరి రెండు మందులతో కలిపి యిచ్చిరి. మన ప్రక్క జిల్లాలో పుట్టినవాని చేతి చలువ దేశదేశముల తల్లులకు తగిలినది.

ఇక పునర్నిర్మాణము. శరీరములో ఒక చోటి చర్మమును, మాంసమును మరియొక చోట అతికించుట పాశ్చాత్యుల నుండి వచ్చిన వింత కాదు. తెగిన ముక్కును తిరిగి చేయు విధము సుశ్రుత సంహితలో నున్నది. ముక్కు కొలతకు ఒక ఆకును కోసి, ఆ కొలతకు చెక్కిలి నుండి చర్మమును ఒక వైపు అంటియుండగనే లేపి, ముక్కు స్థానమును గీరి దానిపై అతికించి, ఊపిరికై రెండు గొట్టములను ఉంచవలెనని అందు చెప్పబడినది. టిప్పు సుల్తానుతో యుద్ధములలో 1792లో పట్టుబడి ముక్కు కోయబడిన కవాస్జీ అను ఎడ్లబండి వానికి పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులపువాడొకడు నుదుటి చర్మముతో ముక్కును చేసెను. 1794లో లండను పత్రిక యొకటి దానిని బొమ్మతో సహా ప్రకటింపగా చదివి, కార్ప్యూ అను అచటి శస్త్రవైద్యుడు 1814లో ఆ విధముననే చేసి చూచెను. నుదుటి నుండి దిగిన ఆ చర్మపు పట్టీని వెంటనే త్రెంచలేదు. క్రొత్త చోట నెత్తురు కుదురుకొను వరకు, అనగా దాదాపు ఇరువదియైదు దినములు, దానిని అట్లే యుంచి పిమ్మట త్రెంచిరి.

అంటుకట్టు వారికి ఇది ఎంత తేలికగ అర్థమగునో చూడుడు. మొలకమొక్కను తల్లిచెట్టు కొమ్మ దగ్గరకు చేర్చి, రెండింటి బెరడును చెక్కి, కలిపి కట్టి, రెండు మూడు నెలలు కొమ్మను తల్లి నుండి వేరు చేయక యుంచెదరు గదా! తల్లి నుండి రసము అందుచున్నంత కాలము కొమ్మ వాడదు. క్రింది మొక్క రసము అందుకొనిన తరువాతనే తల్లిని విడదీయుదురు. శరీరమునకును అదియే న్యాయము. నెత్తురు అందని మాంసము ఎండును.

రొమ్ము విషయమున ఈ విద్యను మొదట ప్రయోగించినవారిలో జర్మనీలోని హైడెల్బర్గు వైద్యుడు చెర్నీ యొకడు. 1895లో ఆయన ఒక స్త్రీకి ఆమె శరీరములోనే వేరొక చోట నున్న కొవ్వుగడ్డను తీసి రొమ్ము తీసిన స్థానమున అమర్చెను. 1906లో ఇటలీలో తాన్సీని అను వైద్యుడు వీపు మీది వెడల్పాటి కండరమును పై చర్మముతో సహా లేపి, చంక వైపునుండి వచ్చు రక్తనాళములను త్రెంచకుండ ముందునకు త్రిప్పి, ఛాతీపై పరచెను. ఆ పద్ధతిని లోకము మరచి, 1970వ దశకములో తిరిగి చేపట్టెను. నేడును మన వైద్యశాలలలో విస్తారముగ చేయుచున్నది దీనినే. మీ అంటుకు దీనికి భేద మొక్కటే. ఇందులో తల్లి రక్తనాళమును ఏనాటికిని త్రెంచరు.

రెండవ విధములో పొట్ట దిగువ భాగమున నున్న చర్మమును, కొవ్వును వాడుదురు. అమెరికాలో హార్ట్రాంఫ్ అను వైద్యుడు 1982లో ప్రకటించిన పద్ధతిలో పొట్ట కండరమును కూడ కలిపి పైకి త్రిప్పెడివారు. ఆ కండరము పోవుటచే కొందరికి పొట్ట గోడ బలహీనపడి ప్రేగు ఉబికి వచ్చెడిది. 1990వ దశకమున న్యూ ఆర్లియన్సులో అలెన్ అను వైద్యుడు కండరమును అచటనే విడిచి, చర్మమును కొవ్వును వాటి సన్నని రక్తనాళముతో పూర్తిగా కోసి తీసి, ఛాతీలోని రక్తనాళమునకు సూక్ష్మదర్శిని క్రింద కుట్టు పద్ధతిని రొమ్మునకు ప్రయోగించెను. కొమ్మపుల్లను తల్లి నుండి కోసి తెచ్చి మొక్కకు అంటించు వెనీరు అంటు దీనికి పోలిక. రక్తనాళము వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. కుట్టు దారము వెండ్రుక కంటె సన్నము. చాల గంటలు పట్టును. నేర్పరియైన వైద్యులు, రాత్రింబగళ్లు కనిపెట్టి యుండు నర్సులు ఉన్నచోటనే దీనిని చేయదగును. అంటులలో కొన్ని పట్టనట్లే, ఇందును అరుదుగా కొన్ని పట్టవు.

మూడవది శరీరమునకు వెలుపలి వస్తువును లోపల పెట్టుట. 1962లో అమెరికాలోని హ్యూస్టనులో సిలికోను సంచిని మొదటిసారి స్త్రీ రొమ్ములో అమర్చిరి. రొమ్ము తీసిన చోట చర్మము చాలనప్పుడు ముందుగా ఖాళీ సంచి నొకదానిని పెట్టి, కొన్ని వారముల పాటు అందులోనికి కొంచెము కొంచెము ఉప్పునీరు ఎక్కించి, చర్మమును సాగదీసి, ఆ తరువాత దానిని తీసి అసలు సంచిని పెట్టుదురు. కోత తక్కువ, విశ్రాంతి దినములు తక్కువ. కాని ఆ సంచి జీవితాంతము ఉండునను హామీ లేదు. మార్చవలసి రావచ్చును. కిరణచికిత్స పడిన చోట దాని చుట్టు గట్టిపొర ఏర్పడి బిగుసుకొని పోవుట కూడ కలదు. ఫ్రాన్సులో ఒక సంస్థ వైద్యమునకు తగని సిలికోనును నింపి అమ్మినదని 2010లో బయటపడి, దేశదేశములలో వేలాది స్త్రీలు ఆందోళన పడిరి. గరుకు పైపొర గల కొన్ని సంచుల వలన అరుదైన మరియొక క్యాన్సరు వచ్చుచున్నదని తేలి 2019లో వాటిని అంగళ్ల నుండి వెనుకకు తీసికొనిరి. భయపెట్టుటకు చెప్పుట లేదు. ఏ రకము సంచి, ఎవరు చేసినది అని అడిగి, ఆ చీటీని ఇంటిలో దాచుకొనుడు. ఎరువు బస్తా కొన్నప్పుడు రసీదు దాచుకొనెదరు గదా!

వీటిలో ఏది మంచిదని మీరు అడుగవచ్చును. అందరికి ఒకటే జవాబు లేదు. మీరు చేయు పనిని బట్టి కూడ నిర్ణయింపవలెను. పట్టణపు స్త్రీని దృష్టిలో నుంచుకొని వ్రాసిన పుస్తకములలో ఇది అంతగా కనబడదు. వీపు కండరమును ముందునకు త్రిప్పినచో చేతిని పైకెత్తి గుంజుటలో, అనగా నీళ్లు తోడుటలో, కర్రతో కాయ దించుటలో కొన్ని నెలలు బలము తగ్గినట్లుండును. చాలమందికి మిగిలిన కండరములు ఆ పనిని అందుకొనును. పొట్ట భాగమును వాడినచో చాల వారముల వరకు గంప ఎత్తరాదు. మళ్లీ బిడ్డను కనదలచినవారు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పవలెను. మధుమేహము అదుపులో లేనివారికి, చుట్ట బీడీ కాల్చు అలవాటు గలవారికి గాయము మానుట కష్టము. పొగ రక్తనాళములను ముడుచుకొని పోవునట్లు చేయును. ఇంటిలో ప్రక్కన కూర్చుండి కాల్చు భర్త పొగయు మంచిది కాదు.

చంకలోని గ్రంథులు తీసినవారికి ఆ వైపు చేయి వాచు అవకాశము కలదు. రొమ్మును తిరిగి నిర్మించినను నిర్మింపకున్నను ఈ జాగ్రత్త ఒక్కటే. మీ పనిలో ప్రత్యేకముగ చెప్పవలసినది మామిడి సొన. కాయ కోయునపుడు చిందిన సొన చర్మమును కాల్చును. ఆ పుండు చీము పట్టి చేయి వాచవచ్చును. నిండుచేతుల రవికె వేసికొనుడు. సొన పడిన వెంటనే సబ్బునీటితో కడుగుడు. వ్యాయామములు నేర్చుకొని బరువులను క్రమక్రమముగ అలవాటు చేసికొనుడు. మొదటి దినముననే నిండుగంప వలదు.

ఎప్పుడు చేయించుకొనవలెను? రొమ్ము తీసిన మత్తులోనే చేయవచ్చును, కొన్ని నెలలకో కొన్ని యేండ్లకో చేయవచ్చును. కిరణచికిత్స ముందున్నదని తెలిసినప్పుడు ఆగుడని చెప్పుట కలదు. పదేండ్ల క్రిందట రొమ్ము తీయించుకొనినవారు కూడ నేడు పోయి అడుగవచ్చును. గడువు దాటిపోదు. దీని వలన జబ్బు తిరుగబెట్టునని కాని, తిరుగబెట్టినచో కనుగొనుట సాధ్యము కాదని కాని భయపడనక్కర లేదు. అయితే దీని కొరకని క్యాన్సరు మందులను మాత్రము వాయిదా వేయరాదు.

వచ్చునది ఎట్టి రొమ్మో దాపరికము లేక చెప్పెదను. ఆకారము వచ్చును. రవికె నిండుగ కుదురును. వంగినప్పుడు తువ్వాలు జారునను బెంగ ఉండదు. కాని పూర్వపు స్పర్శ చాలవరకు రాదు. బిడ్డకు పాలుండవు. మచ్చలుండును, రెండు వైపులును అచ్చముగ ఒకే తీరున నుండవు. ఒకటి రెండు చిన్న శస్త్రచికిత్సలు అదనముగ కావలసి వచ్చును. చనుమొనను అచటి చర్మమునే మడిచి తరువాత చేయుదురు. దాని చుట్టు నుండు నల్లని వలయమును దేనితో వేయుదురో తెలియునా? పచ్చబొట్టుతో! మన అమ్మమ్మల చేతుల మీద తేలును, ముగ్గును పొడిచిన విద్యయే. నేను ఈ మాట చెప్పినపుడు ఒక ముసలమ్మ, “అయితే మా పచ్చబొట్ల రంగమ్మ బతికుంటే మీ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చేది” అని నవ్వెను.

ఇపుడు ముందు వరుసలో నున్న పెద్దమ్మ, “ఈ వయసులో నాకెందుకమ్మా ఇయ్యన్నీ?” అని అడుగుచున్నది. మంచి ప్రశ్న. వద్దనుకొనిన వద్దు. ఇది ప్రాణము నిలుపు చికిత్స కాదు. ఎవరును బలవంతము చేయరాదు. అమెరికాలో ఆడ్రీ లోర్డ్ అను రచయిత్రి రొమ్ము తీసివేసిన పిదప కృత్రిమమైనది పెట్టుకొనుటకు నిరాకరించి, తన శరీరమును ఉన్నదున్నట్లు చూపుకొందునని 1980లో ఒక పుస్తకమే ప్రకటించెను. శస్త్రచికిత్స వలదనుకొనువారు రవికె లోపల పెట్టుకొను సిలికోను రొమ్మును వాడవచ్చును. దూదితో గుడ్డతో కుట్టినవి, నూలుతో అల్లినవి కూడ కలవు. గాయము మానిన తరువాత వీటిని మన దర్జీ అమ్మాయిలే కొలతకు కుట్టగలరు. ఏమియు వలదనుకొని పైట కప్పుకొని తిరుగువారు కూడ నాకు తెలిసినవారిలో కలరు. వారిలో లోపమేమియు లేదు. వద్దనుటకైనను ముందు ఉన్నదని తెలియవలెను గదా. ఆ తోటకూలి తల్లికి నేను ఇవ్వకపోయినది ఆ తెలివినే.

సోదరులతో రెండు మాటలు. ఒక యువతి నా వద్ద వీపు కండరముతో రొమ్మును తిరిగి చేయించుకొనెను. నిర్ణయమునకు ముందు ఆమె భర్త నన్ను ప్రక్కకు పిలిచి, “నాకేం పట్టింపు లేదండీ, తనకి ఎట్టా కావాలంటే అట్టా” అనెను. ఆ మాటను నాకు కాదు, ఆమెకు చెప్పుమంటిని. అతడు సిగ్గుపడెను. మరునాటికి చెప్పినట్లున్నాడు, ఆమె ముఖము చూడగానే తెలిసెను. మరియొక యింట అత్తగారు “ఇద్దరు బిడ్డల తల్లికి సోకులెందుకు” అనెను. కాలు పోయినవానికి జైపూరు కాలు పెట్టినప్పుడు సోకని ఎవరందురు?

ఖర్చు సంగతి మిగిలినది. అమెరికాలో రొమ్ము తొలగించుటకు డబ్బిచ్చు భీమా సంస్థ దానిని తిరిగి నిర్మించుటకు కూడ ఇచ్చి తీరవలెనని 1998లో చట్టము చేసిరి. మనకు 2007లో ఆరోగ్యశ్రీగ మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేర నడచుచున్న పథకములో క్యాన్సరు చికిత్సలు కలవు. పునర్నిర్మాణములో ఏ పద్ధతికి, ఏ వైద్యశాలలో అనుమతి వచ్చునో శస్త్రచికిత్సకు ముందే అచటి ఆరోగ్యమిత్రను అడుగుడు. ముందే అని ఒత్తి చెప్పుచున్నాను. తరువాత అడిగిన ఒకే మత్తులో కాగల పనికి రెండు మత్తులు కావలసి వచ్చును. హైదరాబాదులో 1955లో స్థాపించిన ఎం.ఎన్.జె. సంస్థ, నందమూరి తారకరామారావుగారి భార్య క్యాన్సరుతో మరణించిన తరువాత ఆమె పేర వెలసి 2000లో తెరచిన బసవతారకం వైద్యశాల, విశాఖపట్నము వద్ద అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు వైద్యశాల మీరు వినియున్న పేర్లే. ఎచటికి పోయినను అడుగవలసినవి మూడు: నా రొమ్మును నిలుపవచ్చునా? తీయక తప్పనిచో తిరిగి నిర్మింపవచ్చునా? ఇపుడా, తరువాతనా? వైద్యుడు విసుగుకొనినను అడుగుడు. నావలె “ప్రాణం దక్కింది చాలదా” అనువారు ఇంకను కొందరుందురు.

ఇంతకును గడ్డ చిన్నదిగ నున్నప్పుడే దొరికిన ఇన్ని తంటాలు తగ్గును. తన తల్లి ఉషాలక్ష్మిగారికి రొమ్ము క్యాన్సరు రాగా ఇంగ్లండులోని ఉద్యోగము విడిచి 2007లో హైదరాబాదు చేరిన డాక్టరు పి. రఘురామ్ గారు ఆమె పేర సంస్థను స్థాపించి, 2012 మొదలు 2016 వరకు తెలుగు గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ యిప్పించి రొమ్ము పరీక్షలు చేయించిరి. యంత్రము లేకున్నను నేర్చిన చేయి గడ్డను పట్టగలదు. మీ ఊరి ఏ.ఎన్.ఎం. ముప్పది యేండ్లు దాటిన స్త్రీలను పరీక్షించుటకు ఇంటికి వచ్చినప్పుడు పనియున్నదని పంపివేయవలదు. స్నానము చేయునపుడు మీ చేతికి మీరే అలవాటు పడుడు. ఎరువు వేయుచు, నీరు పెట్టుచు చెట్టు చెట్టును ఎరిగినవారు తమ శరీరమును ఎరుగకుందురా? క్రొత్త గడ్డ, చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి పోవుట, దాని నుండి నెత్తురు కారుట, చంకలో గడ్డ, ఇవి కనబడిన వారములోపల చూపించుకొనుడు. గడ్డలన్నియు క్యాన్సరులు కావు, చాల భాగము కావు. ఆ మాట వైద్యుని నోట వినుడు.

ఇంతసేపు ఓపికగ వింటిరి. బీడీకై పోబోయిన ఇద్దరు సోదరులు కూడ కూర్చుండి వినిరి, సంతోషము. ప్రశ్నలున్న అడుగుడు. అందరి యెదుట అడుగలేనివారికై నేను సాయంత్రము వరకు పాఠశాల చివరి గదిలో కూర్చుందును. నాతో వచ్చిన నర్సమ్మ సిలికోను సంచి నమూనాను, గుడ్డతో కుట్టిన రొమ్మును తెచ్చినది. చేతితో పట్టుకొని చూడవచ్చును. తలుపు వేసియే యుండును, ఒక్కొక్కరుగ రండు.